ఈసారి అన్నం పెట్టను

కుప్పం,
12 నవంబరు 1997

అన్నా,

నీకూ రెడ్డెమ్మ వదినకూ నమస్కారం. నీ ఆవులకు కూడా. పోయినసారి వాటిని అడగలేదని అలిగావట, వదిన చెప్పింది.

ఈ ఉత్తరం నిలబడి చదవద్దు, కూర్చుని చదువు. నేను రెండేళ్ళుగా తల కొట్టుకుంటున్న పని ఒక దారికి వచ్చేలా ఉంది. టాంజానియా దేశంలో ఎంబేయా అనే ఊళ్ళో ఒక విశ్వవిద్యాలయం ఉంది. దానికీ మా కళాశాలకీ పొత్తు కుదిర్చే పని. వాళ్ళ విద్యార్థులు ఇద్దరు ఇక్కడికి వచ్చి ఆరు నెలలు మన మెట్ట పంటల డిప్లొమా చదువుతారు. మన పిల్లలు ఇద్దరు అక్కడికి పోయి చదువుతారు. అక్కడ వచ్చిన మార్కులు ఇక్కడ చెల్లాలి, ఇక్కడివి అక్కడ చెల్లాలి. ఒకళ్ళు గురువులూ ఇంకొకళ్ళు శిష్యులూ అని ఉండదు.

ఇదంతా ఎలా మొదలైందో నీకు చెప్పనే లేదు. బెంగుళూరులో చిరుధాన్యాల సభకు పోయినప్పుడు డాక్టర్ నీమా అనే ఆమె నా పక్కన కూర్చుంది. ఆ విశ్వవిద్యాలయంలోనే పని చేస్తుంది. రాగుల మీదే ఆమె చదువంతా. వాళ్ళు రాగులను ఉలేజి అంటారు. పిండిని మరిగే నీళ్ళలో కెలికి ముద్ద చేసుకుని తింటారు. నేను సంగటి అన్నాను, ఆమె ఉగాలి అంది. అందరూ చూస్తుండగానే, ముద్దను చేత్తో ఎలా తుంచుతామో ఇద్దరం ఒకరికొకరు చూపించుకున్నాం. రాగులు తినే రెండు దేశాలు ఒకదానికొకటి చదువు చెప్పుకోవడానికి మూడో దేశం అనుమతి ఎందుకు అని ఆమె అడిగింది. ఆ మాట నాకు పట్టుకుంది.

మా ప్రిన్సిపాల్ గోపాలస్వామి గారికి మాత్రం ఇది మింగుడుపడటం లేదు. "లండన్ అంటే ప్రాస్పెక్టస్‌లో ఎంత బాగుంటాదమ్మా! ఆఫ్రికా అంటే అడ్మిషన్లు వస్తాయా?" అంటాడు. వచ్చే చదువుల ఏడాది ముగిసేలోపు ఏదో ఒక విదేశీ విశ్వవిద్యాలయం సంతకం పెట్టాలట. లేకపోతే డిప్లొమా మూసేసి ఆ గది కంప్యూటర్లకు ఇస్తాడట. గుడుపల్లె నుంచి వచ్చే వరలక్ష్మి లాంటి పిల్లలకు ఇది పోతే ఇంకో చదువు లేదు. నేను మూయనివ్వను.

డిసెంబరులో డాక్టర్ నీమా వస్తోంది. రాగులు పండించే ఇంట్లో ఒక పగలంతా గడపాలని అడిగింది. మన ఇల్లు అన్నాను. నాకు పరీక్షల డ్యూటీ, రాలేను. మా ఇంగ్లీషు లెక్చరర్ హరీష్ ఆమెను తీసుకొచ్చి మాటలు అటూ ఇటూ చెబుతాడు. ఆమె రాసే నివేదికను బట్టే వాళ్ళ కౌన్సిల్ ఒప్పుకోవడమో మానడమో. మర్యాద తక్కువ కాకూడదు. మిగతాది నీకు నేను చెప్పాలా?

నీ చెల్లెలు,
యమున

*

పుంగనూరు,
20 నవంబరు

యమునకు,

అందరం కులాసా. ఆవులు కూడా కులాసా.

నువ్వు చెప్పినట్టే కూర్చుని చదివాను. చదివినాక లేచి నిలబడ్డాను. ఆఫ్రికా ఏమిటి యమునా? రేపు పాల సొసైటీలో నన్ను అడుగుతారు, మీ చెల్లెలు ఏ దేశంతో పొత్తు పెట్టుకుంది అని. టాంజానియా అంటే అది ఏ జిల్లాలో ఉందని అడుగుతారు. నేను సొసైటీ ప్రెసిడెంటును. నాకూ కాస్త తల ఎత్తుకుని తిరగాలని ఉంటుంది కదా.

ఈ మాటే మీ వదినతో అంటే ఆమె చాట కింద పెట్టి, "దూరం నించి ఆడమనిషి వస్తాండాది. ఆమె దేశం యాడుంటే నీకేమప్పా? కూడు పెట్టేది మనం గదా" అంది.

రానీ. మర్యాద సంగతి నాకు వదిలేయ్. మన నాయన కాలం నుంచి ఈ ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరూ వెలితితో పోలేదు. నువ్వు నిశ్చింతగా పరీక్షలు చూసుకో.

మునిరత్నం

*

పుంగనూరు,
22 డిసెంబరు 1997

యమునా,

నీ డాక్టరమ్మ వచ్చింది, పోయింది. మర్యాద ఎలా జరిగిందో హరీష్ నోటితో వినే ఉంటావు. నా నోటితోనూ విను.

హాల్లో కొత్త ఫ్యాను పెట్టించాను. మదనపల్లె బేకరీ నుంచి బ్రెడ్డు, జాము తెప్పించాను. చెంచాలు పక్కింటి డాక్టరు గారివి. సన్నబియ్యం అన్నం, కోడికూర, పప్పు, వడలు, సేమ్యా పాయసం. నారాయణస్వామి మిల్లు నుంచి పాత బియ్యం అడిగి తెచ్చాను. మెతుకు మెతుకు విడిగా మల్లెమొగ్గల్లా ఉంది. అతను మీ కళాశాల కమిటీ మెంబరు కదా, వచ్చి చూసి, "మునిరత్నం, పెండ్లి భోజనం పెట్టినావప్పా!" అన్నాడు.

ఆమె మంచి మనిషి. చేలో దిగి కంకులు పట్టుకుని చూసింది. కళ్ళంలో నూర్పిడి గుండు లాగుతుంటే తానూ కాసేపు ఎద్దుల వెంట నడిచింది. ఇంట్లోకి వచ్చాక ఒకసారి వంటింట్లోకి పోతానంది. పొగ అని చెప్పి ఆపాను. పెద్దచదువు చదివిన మనిషిని మసి గోడల మధ్య కూర్చోబెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. ఏవేవో అడిగింది, తగినట్టు జవాబులు చెప్పాను. పోయేటప్పుడు మీ వదిన చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నీ సంతకం వచ్చినట్టే అనుకో.

మునిరత్నం

*

కుప్పం,
17 ఫిబ్రవరి 1998

అన్నా,

డాక్టర్ నీమా ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు తెలుగు చేసి రాస్తున్నాను.

"మీ అన్నగారి ఇంట్లో నన్ను రాణిలా చూశారు. అయినా నా నివేదికలో నిజమే రాయాలి. పొత్తుకు ముందు మా కౌన్సిల్ అడిగిన ప్రశ్న ఒక్కటే: అక్కడ వాళ్ళు రాగిని ఇంకా తింటున్నారా, లేక అమ్మడానికే పండిస్తున్నారా? నేను మీ అన్నగారిని అడిగాను. ఆయన నవ్వి, అది పశువులకూ కూలివాళ్ళకూ, మేము మానేసి చాలాకాలమైంది అన్నారు. తినని వాళ్ళతో కలిసి తిండి పంట గురించి ఏం చదువుకుంటామని మా కౌన్సిల్ వెనక్కి తగ్గింది. నాకు చాలా బాధగా ఉంది. ఒక విచిత్రం చెప్పనా? మీ అన్నగారి హాల్లో కూర్చున్నంతసేపూ మా అమ్మ వంటింటి వాసన వచ్చింది. ఇంటి మీద బెంగ పెట్టుకున్నానేమో అనుకున్నాను."

ఆమెకు వచ్చింది బెంగ కాదన్నా. సంగటి వాసన. ఆ తలుపు వెనక వదిన మీ ఇద్దరి కోసం సంగటి కెలుకుతోంది, అవునా? అతిథి పోయాక నువ్వు తిన్నది అదే, అవునా?

హరీష్‌ను పట్టుకుని అడిగాను. "ఆయన చెప్పింది నేను చెప్పినాను మేడమ్, ఇంటాయన మాట కాదనేదానికి నేనెవురు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు పుట్టి ఇన్నేళ్ళలో సంగటి లేని పూట ఒక్కటి చెప్పు! జ్వరం వచ్చినా రాగిజావే తాగావు. అటువంటి నువ్వు, నేను రెండేళ్ళు కట్టుకున్నది ఒక్క నవ్వుతో కూల్చేశావు.

వెంటనే ఆమెకు ఫోను చేసి చెప్పాను, మా అన్న మొహమాటానికి అలా అన్నాడని. నా మాట చెల్లదట. పొత్తు కావాలనుకునే మనిషిని కాబట్టి నేను ఏమైనా అంటానని కౌన్సిల్ అంటుందట. ఇంటి యజమాని చెప్పిన మాటను ఇంటి యజమానే మార్చాలట.

నువ్వు ఆమెకు ఉత్తరం రాయాలి. ఉన్నది ఉన్నట్టు. నేను ఇంగ్లీషు చేసి పంపిస్తాను.

యమున

*

పుంగనూరు,
25 ఫిబ్రవరి 1998

యమునకు,

నేను రాయను.

మర్యాద తక్కువ కాకూడదని రాసిందెవరు? నువ్వే. మర్యాద అంటే అన్నం. ఈ జిల్లాలో పుట్టిన ఎవరినైనా అడుగు. పెళ్ళివారికి అన్నం. అల్లుడికి అన్నం. పండగనాడు దేవుడికీ అన్నమే పెడతాం. సముద్రం దాటి వచ్చిన మనిషికి సంగటి పెట్టి పంపితే ఊరు నా మొహాన ఉమ్మదా? నీకు సంగటి కావాలంటే సంగటి పెట్టు అన్నా అని ఒక్క ముక్క రాయకూడదా? మిగతాది నీకు చెప్పాలా అని నువ్వే రాశావు. నాకు తెలిసిన మిగతా ఇదే.

ఇంకో మాట. నీకు సంగటి ఒక చదువు. సభల్లో చెబితే చప్పట్లు కొడతారు. నాకు అది కాదు. మదనపల్లె హాస్టల్లో ఉన్నప్పుడు నాయన బస్సులో పంపిన టిఫిను డబ్బా తెరిస్తే ముక్కు మూసుకున్న వాళ్ళున్నారు. నా పేరు పోయి సంగటోడు అని పేరు వచ్చింది. పదో తరగతి దాకా అదే పేరు. నువ్వు అప్పటికి పలక పట్టుకున్న పిల్లవి, నీకేం తెలుసు? ఈ ఇంట్లో నలుగురి ఎదుట ఆ మాట నా నోట రాకూడదని ఆనాడే అనుకున్నాను. ఇప్పుడు దాన్నే కాగితం మీద రాసి సంతకం పెట్టి వేరే దేశానికి పంపాలా?

నీ కళాశాల, నీ పొత్తు, నువ్వే చూసుకో.

మునిరత్నం

*

కుప్పం,
9 మార్చి 1998

అన్నా,

చూసుకుంటాను.

నిన్న కమిటీ కూర్చుంది. గోపాలస్వామి గారు బెంగుళూరు నుంచి ఒక ఏజెంటును తీసుకొచ్చాడు. యూరప్‌లో ఏదో సంస్థ ఉందట, వెంటనే సంతకం పెడుతుందట. చలికాలంలో వాళ్ళ పిల్లలు వచ్చి మూడు వారాలు ఉంటారు. వాళ్ళ కోసం మనం ఏసీ గదులు కట్టాలి. మన పిల్లలు వాళ్ళను పల్లెలు తిప్పి, సామాన్లు మోసి, ఒక సర్టిఫికెట్ తీసుకోవాలి. మరి మన పిల్లలు అక్కడికి పోయేది ఎప్పుడని అడిగాను. ఏజెంటు నవ్వి, "అది తరువాత దశలో" అన్నాడు. ఆ దశ ఏ సంవత్సరమో కాగితం మీద రాయమన్నాను. రాయలేదు.

"దీన్ని పొత్తు అనరు, చాకిరీ అంటారు. నేను ఒప్పుకోను" అన్నాను. గోపాలస్వామి గారు బల్ల మీద కొట్టి, "నీకు పొగరెక్కువమ్మా యమునా" అన్నాడు. "ఉంది సార్. డిప్లొమాకు నేనే హెడ్‌ని, నా సంతకం లేకుండా మీ కాగితం కదలదు" అన్నాను. మీ నారాయణస్వామి పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

హాస్టల్లో నిన్ను అలా పిలిచారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నాకు ఏడుపొచ్చింది. అయినా ఒకటి చెబుతాను విను. ముక్కు మూసుకున్నది వాళ్ళు. తలుపు మూసుకున్నది నువ్వు. వాళ్ళ మీద చూపించాల్సిన కోపం నీ చెల్లెలి మీదా, నీ ఇంటి తిండి మీదా ఎందుకు చూపిస్తున్నావు?

ఇక అడగను.

యమున

*

పుంగనూరు,
28 జూన్ 1998

యమునా,

నువ్వు అడగనన్నావు కాబట్టి మూడు నెలలు నేనూ పలకలేదు. మొండితనం ఇద్దరికీ నాయన పంచి ఇచ్చిందే. ఇప్పుడు ఒక సంగతి జరిగింది, రాయకుండా ఉండలేకపోతున్నాను.

పోయిన సోమవారం సాయంత్రం పాల సొసైటీ దగ్గర నలుగురం కూర్చున్నాం. నారాయణస్వామి తన లారీ దిగి వచ్చాడు. నీ మాట ఎత్తాడు. "ఏమప్పా మునిరత్నం, మీ చెల్లెలు ఇంకా ఆఫ్రికా ఆఫ్రికా అంటాండాదే! రాగులు తినేటోళ్ళకి రాగులు తినేటోళ్ళే దొరికినారు" అన్నాడు. అందరూ నవ్వారు.

మామూలుగా అయితే నేనూ నవ్వేసేవాణ్ణి. ఆ రోజు ఎందుకో కోపం ఆగలేదు. లేచి నిలబడ్డాను. "అవునప్పా, తింటాం. రెండు పూటలా తింటాం. నువ్వు తినవా? నీ మిల్లు ఎనకాల నీ పెండ్లాము కెలికేది నాకు కనపడలేదనుకుంటివా? పొద్దన్నే నీ మీసానికి సంగట్లోకి నూరిన ఊరిబిండి అంటుకోనుండేది ఊరంతా సూడలేదా?" అన్నాను. తరువాత అందరూ నవ్వారు, ఈసారి అతన్ని చూసి. అతను లారీ ఎక్కి పోయాడు.

ఇంటికి వచ్చి మీ వదినకు చెప్పాను. "ఈ మాట ఆ డాక్టరమ్మకి సెప్పింటే సరిపోయేది గదా. యాల ఇంత ఆలస్యం?" అంది. అన్నం తినకుండా పడుకున్నాను. అన్నం అంటే సంగటే.

పొద్దున్నే మీ వదినా నేనూ మదనపల్లె బస్సెక్కాం. మిషన్ హైస్కూల్లో నాకు ఇంగ్లీషు చెప్పిన దేవసహాయం గారు ఇంకా మిషన్ ఆసుపత్రి పక్కనే ఉంటున్నారు. నీ చేత రాయించడం నాకు ఇష్టం లేకపోయింది. నువ్వు మెత్తగా చేస్తావు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మొదట క్షమించమని రాద్దామా అన్నారు. "వద్దు సార్. తప్పు చెప్పుకునేదానికి కాదు, నిజం చెప్పేదానికి రాస్తాండాను" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "హాస్టల్లో నీకు ఈ నోరు ఉండుంటే ఎంత బాగుండేదిరా" అన్నారు. ఆయనకు ఆ పేరు గుర్తుంది యమునా. ఆనాడు ఆ పిల్లలను ఆయన కొట్టారట కూడా. నాకు తెలియదు.

పంపిన ఉత్తరం ఇది:

"డాక్టర్ నీమా గారికి. నేను పుంగనూరు మునిరత్నం. మీకు అబద్ధం చెప్పాను. మేము రాగి సంగటి తింటాం. మా తాత తిన్నాడు, మా నాయన తిన్నాడు, నేను ఈ పొద్దున తిని బస్సెక్కాను. మా ఊళ్ళో ఇంటింటా తింటారు, వచ్చినవాళ్ళ ఎదుట దాచిపెడతారు. మీరు వచ్చిన రోజు మీకు వచ్చిన వాసన మా వంటింటిదే. మీ దేశం వాళ్ళు చదువుకోవడానికి వస్తే మా ఇంట్లో పెట్టుకుంటాను, వాళ్ళు తినేదే పెడతాను. మీరు మళ్ళీ రావాలి. ఈసారి అన్నం పెట్టను."

కింద నా సంతకం, పక్కన మీ వదిన సంతకం. ఆమె సంతకం నాదానికంటే బాగుందని దేవసహాయం గారు అన్నారు.

మునిరత్నం

*

కుప్పం,
19 అక్టోబరు 1998

అన్నా,

ఒప్పుకున్నారు! కౌన్సిల్‌లో నీ ఉత్తరం పైకి చదివారట. చివరి మాట దగ్గర వాళ్ళ వైస్ చాన్సలర్ గట్టిగా నవ్వి, ఈ మనిషితో పొత్తు పెట్టుకోవచ్చు అన్నాడట. నీమా రాసింది.

నువ్వు జూన్‌లో రాసిన ఉత్తరం చేతిలో పట్టుకుని స్టాఫ్ రూంలో ఏడ్చాను. హరీష్ కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. నీ మీద పెట్టుకున్న కోపం అంతా ఒక్కసారి పోయింది, ఏం చేయాలో తోచలేదు.

గోపాలస్వామి గారు ఇప్పుడు అంతా తన ఆలోచనే అన్నట్టు తిరుగుతున్నాడు. తిరగనీ. ఒప్పందంలో ఒక షరతు మాత్రం నేను పట్టుబట్టి రాయించాను. వాళ్ళవాళ్ళు కుప్పంలో అడుగుపెట్టిన నాటికి మనవాళ్ళు ఎంబేయాలో ఉండాలి. ముందు మీరు, తరువాత మేము అనే మాట ఉండకూడదు. యూరప్ ఏజెంటు చెప్పిన తరువాతి దశ నా చెవిలో ఇంకా మోగుతోంది. నీమాకు ఈ షరతు బాగా నచ్చింది. ఆమె ఇద్దరు విద్యార్థులతో ఫిబ్రవరిలో సంతకాలకు ఇక్కడికి వస్తుంది. అదే వారం నేను ఇద్దరితో అక్కడికి పోతాను. అందులో ఒకరు వరలక్ష్మి. వాళ్ళ నాయన ముందు వద్దన్నాడు. వరలక్ష్మి రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదట. మూడో రోజు ఆయనే వచ్చి, "పంపిస్తానమ్మా, మా పాప మొండిది" అని నన్నే తిట్టినట్టు చూశాడు.

నా షరతు నన్నే కొట్టింది. కుప్పంలో సంతకాల రోజు నేను ఉండను, నా సంతకం ముందే పెట్టి పోవాలి. ఆ రోజు విందుకు బెంగుళూరు నుంచి వంటవాళ్ళు వస్తున్నారు. ఫ్రైడ్ రైస్ అట, పులావు అట, ఇంకేదో సూపు అట. నేను ఎంత చెప్పినా గోపాలస్వామి గారు వినలేదు. "కలెక్టరాఫీసు వాళ్ళు వస్తారమ్మా, సంగటి యాడ పెట్టేది?" అన్నాడు. నీకు చెబుతున్నాను, అంతే. ఏం చేయాలో చెప్పడం లేదు.

యమున

*

పుంగనూరు,
21 ఫిబ్రవరి 1999

ఎంబేయాలో ఉన్న యమునకు,

క్షేమంగా చేరావని నీమా గారే చెప్పారు, వాళ్ళ ఊరికి ఫోను చేసి కనుక్కున్నారట. అక్కడ మన చింతచెట్లు ఉన్నాయా? చలి ఉందా? తరువాత రాద్దువు. ముందు నా సంగతి చదువు. ఈసారి నిలబడి చదివినా ఫరవాలేదు.

సంతకాల రోజు తెల్లవారకముందే మీ వదిన పెద్ద తప్పేలా పొయ్యి మీద పెట్టింది. ఆమె, ప్రమీలమ్మ పిన్ని, ఇద్దరూ తెడ్లు పట్టి కెలికారు. ఊరిబిండి నూరారు, నాటుకోడి పులుసు చేశారు. తప్పేలాకు గోనెసంచులు చుట్టి, చుట్టూ వరిగడ్డి కూరి, పాల వ్యానులో ఎక్కించాం. పలమనేరు మీదుగా కుప్పం. మీ వదిన తప్పేలా పక్కనే కూర్చుంది, ముందు సీటు ఇస్తే వద్దంది.

షామియానా కింద పొడుగు బల్లలు, తెల్లగుడ్డలు. ఎదురుగా మీ గోపాలస్వామి, కమిటీ వాళ్ళు, నారాయణస్వామి, ఎవరో ఆఫీసర్లు. మధ్యలో నీమా గారు. ఆమె ముందు పింగాణీ ప్లేట్లో రంగురంగుల అన్నం. నేనూ నా కొడుకు వరసయ్యే వాళ్ళిద్దరూ తప్పేలా మోసుకుని నేరుగా ఆ బల్ల దగ్గరికి పోయాం. గోపాలస్వామి గారు లేచాడు.

"ఏందప్పా ఇది మునిరత్నం?"

"సంగటి సార్. మీకు తెలీనిదా?"

"ఈడ ఇప్పుడు ఇది యాల?"

"నేను ఈమెకి మాట ఇచ్చినాను సార్. రాసి ఇచ్చినాను. ఆ మాట మీదనే గదా మీకు ఈ సంతకం వచ్చింది."

ఆయన చుట్టూ చూశాడు. నేను ఆగలేదు. నీమా గారి ముందున్న అన్నం ప్లేటు పక్కకు జరిపి, ఆకు వేసి, ముద్ద పెట్టాను. పులుసు పోశాను. ఆమె చెయ్యి కడుక్కుని, కొంచెం తుంచి, అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో గుంట నొక్కి, పులుసులో ముంచి నోట్లో పెట్టుకుంది. మన నాయన ఎలా నొక్కేవాడో అలాగే యమునా. ఆమె కళ్ళు తుడుచుకుని, "రెడ్డెమ్మ ఎక్కడ?" అని అడిగింది. అప్పటికే ఆ రెండు తెలుగు మాటలూ నేర్చుకుని వచ్చింది.

తరువాత వరసగా అందరికీ పెట్టాను. వద్దన్నవాళ్ళకూ పెట్టాను. గోపాలస్వామి గారు మొదట చెంచాతో అంటీఅంటనట్టు కదిపాడు. కాసేపటికి చెంచా కింద పడేసి చెయ్యి పెట్టాడు. ఎంత సులువుగా నమలకుండా మింగాడంటే, పుట్టినప్పటి నుంచి తిన్నవాడే అలా మింగగలడు. అందరూ చూశారు. నారాయణస్వామి తల పైకెత్తకుండా ఊరిబిండి ఇంకొంచెం అడిగాడు. రెండో ముద్ద వేశాను.

బెంగుళూరు వంటవాళ్ళు కూడా చివర్లో వచ్చి కూర్చున్నారు. పులావు చాలా మిగిలింది.

నీమా గారూ వాళ్ళ పిల్లలిద్దరూ మూడు రోజులు మనింట్లో ఉండి పోయారు. ఆమె వంటింట్లోనే కూర్చునేది. ఆమెకూ మీ వదినకూ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు, రోజంతా మాట్లాడుకున్నారు. పొగ ఉందని నేను అనలేదు.

అన్న,
మునిరత్నం

*

సుంబవాంగా దగ్గరి పల్లె,
14 మార్చి 1999

అన్నా,

నీ ఉత్తరం ఎంబేయా నుంచి ఇక్కడికి చేరింది. నిలబడే చదివాను, చివరికి కూర్చున్నాను. వరలక్ష్మికి పైకి చదివి వినిపించాను. చెంచా కింద పడేసిన చోట ఆ పిల్ల నవ్వు ఆపలేకపోయింది. ఇక్కడ చింతచెట్లు కనపడలేదు. చలి ఉంది, మన హార్స్‌లీ కొండల మీద ఉన్నట్టు.

ఇది నీమా పుట్టిన ఊరు. ఎంబేయా నుంచి ఒక రోజంతా బస్సు, ఎర్రమట్టి దారి. పాఠాలకు సెలవులు ఇచ్చారని, వాళ్ళ అమ్మను చూసి రమ్మని నీమా కబురు పెట్టింది. నేనూ మన పిల్లలిద్దరూ మధ్యాహ్నానికి చేరాం. గుమ్మంలో నీమా అన్నగారు ఎదురొచ్చాడు. సైమన్ ఆయన పేరు. ఎండలో కోటు వేసుకుని నిలబడ్డాడు. ఈ ఊళ్ళో మొక్కజొన్న వ్యాపారం, నలుగురూ నమస్కారం పెట్టే మనిషి. నాకు అక్కడే నువ్వు గుర్తొచ్చావు.

హాల్లో కూర్చోబెట్టాడు. బల్ల మీద కొత్త గుడ్డ, మడతలు ఇంకా పోలేదు. కూల్ డ్రింకులు తెప్పించాడు. తరువాత భోజనం వచ్చింది. అన్నం, అన్నా! తెల్లటి అన్నం, కోడికూర. వరలక్ష్మి నన్ను మోచేత్తో పొడిచింది. నేను ఏమీ తెలియనట్టు ఇంగ్లీషులో అడిగాను, మీ ఇంట్లో ఉలేజి తింటారా అని. సైమన్ గారు కోటు సర్దుకుని నవ్వాడు. "అబ్బే, అది ముసలివాళ్ళ తిండి. మేము మానేసి చాలాకాలమైంది" అన్నాడు.

అప్పుడు లోపలి తలుపు సందులోంచి వాసన వచ్చింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నీ మీద రాసిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన కంగారుపడి, కూరలో కారం ఎక్కువైందా అని అడిగాడు. కాదన్నాను. లేచాను. వంటింటి వైపు నడుస్తుంటే ఆయన అడ్డం వచ్చి, చెయ్యి ఊపి, పొగ, పొగ అన్నాడు. పక్కకు జరగమన్నాను. నీతో మాట్లాడేటప్పటి గొంతుతోనే అన్నాను. జరిగాడు.

లోపల మసి గోడలు. పొయ్యి దగ్గర నీమా అమ్మ కూర్చుని ఉంది, చిన్న మనిషి. నన్ను చూడగానే కుండ మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టింది. వెళ్ళి హాల్లో కూర్చోమని తల ఊపింది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నా వెనక వరలక్ష్మి కూర్చుంది. పక్కనున్న ఖాళీ ప్లేటు అందుకుని ముందుకు చాచాను. గుమ్మంలో సైమన్ గారు నిలబడి ఏదో చెబుతున్నాడు. నేను ప్లేటు వెనక్కి తీసుకోలేదు.

ఆమె నా ప్లేటు వైపు చూసింది. తరువాత మూత తీసింది.

నీ చెల్లెలు,
యమున